సంతవీధిలో నిలిచినవారు

ఉపమానం చెప్పి ధర్మం బోధించే పద్ధతి మన దేశానికి కొత్త కాదు. బౌద్ధుల జాతకకథలు, పంచతంత్రంలోని మృగపక్షుల సంభాషణలు, పురాణశ్రవణంలో పౌరాణికుడు మధ్య మధ్య జోడించే పిట్టకథలు అన్నీ ఆ కోవలోనివే. అయితే ఉపమానానికి ఒక చిక్కు ఉన్నది. చెప్పేవానికీ వినేవారికీ ఏ లోకం సుపరిచితమో, ఆ లోకపు వస్తువులతోనే అది నిర్మితమవుతుంది. కాలక్రమాన ఆ లోకం మరుగుపడితే కథ మిగులుతుంది గాని అందులోని వేడి చల్లారిపోతుంది. క్రైస్తవ సువార్తలలో మత్తయి రచనగా పేరుపొందిన గ్రంథం 20వ అధ్యాయంలో ద్రాక్షతోట పనివారి కథ ఒకటి కలదు. యంత్రయుగంలో పుట్టి పెరిగిన పాఠకునికి అది వట్టి నీతికథగా తోచవచ్చును. కృష్ణా డెల్టా వానికి అట్లా తోచవలసిన పనిలేదు. ఆ కథలోని లోకం అతని కళ్లముందే ఉన్నది.

కథ చిన్నది. ఒక తోట యజమాని తెల్లవారుతూనే బయలుదేరి, దినానికి ఒక దేనారం ఇచ్చే ఒప్పందం మీద కొందరు కూలీలను పనికి పంపుతాడు. తొమ్మిది గంటలకు, మధ్యాహ్నానికి, మూడు గంటలకు తిరిగి వెళ్లి మరికొందరిని పంపుతాడు. వీరితో బేరం లేదు. న్యాయమైనది ఇస్తానన్న మాట మాత్రమే. పొద్దు వాలి అయిదు గంటలైన తరువాత వెళ్లి చూస్తే అక్కడ ఇంకా కొందరు నిలిచి ఉన్నారు. దినమంతా ఎందుకు ఊరక నిలిచినారని అతడు ప్రశ్నిస్తాడు. తమను ఎవరూ కూలికి పెట్టుకొనలేదని వారు జవాబిస్తారు. వారినీ తోటకు పంపుతాడు. సాయంకాలం కడపట వచ్చినవారితో మొదలుపెట్టి అందరికీ తలకొక దేనారమే ముట్టచెప్పిస్తాడు. పగలంతా ఎండను భరించి శ్రమపడినవారు ఇది న్యాయమా అని సణుగుతారు. ఒప్పుకొన్నది ఇచ్చితిని గదా, నా సొమ్ము నా ఇష్టప్రకారం ఇచ్చుకొనుటలో నీకు జరిగిన అన్యాయమేమి అని యజమాని అడుగుతాడు.

వ్యాఖ్యాతల చూపు అనాదిగా ఈ కడపటి సంవాదం మీదనే నిలిచినది. ప్రాచీన క్రైస్తవాచార్యులలో కొందరు అయిదు వేళలను సృష్ట్యాదిగా గడచిన అయిదు యుగాలన్నారు. కొందరు మానవజీవితంలోని అయిదు దశలన్నారు. యజమాని భగవంతుడైనాడు, తోట ధర్మరాజ్యమైనది, దేనారం మోక్షమైనది. ఆ అర్థాలను కాదనవలసిన పనిలేదు. కాని ఆ వ్యాఖ్యానాల నడుమ 7వ వచనంలోని కూలివాని జవాబు వినబడకుండా పోయినది. కథ అంతా ఆ ఒక్క జవాబు మీద ఆధారపడి ఉన్నది. అది ఎట్టి జవాబో తెలియాలంటే ఆనాటి కూలివాని దినచర్య తెలియాలి.

పన్నెండు గంటల పగలు

యూదులు సూర్యోదయం మొదలు సూర్యాస్తమయం దాకా పగటిని పన్నెండు గంటలుగా విభజించేవారు. గ్రీకు మూలంలో యజమాని వెళ్లిన వేళలు మూడవ గంట, ఆరవ గంట, తొమ్మిదవ గంట, పదకొండవ గంట అని ఉన్నవి. తెలుగు అనువాదకులు వాటిని గడియారపు లెక్కకు మార్చి తొమ్మిది, పన్నెండు, మూడు, అయిదు అన్నారు. మన పూర్వులు పగటిని నాలుగు జాములుగా లెక్కించినారు. ఆ లెక్కన చూస్తే యజమాని మొదటి మూడు పర్యాయాలు జాము జాముకూ వెళ్లినాడన్నమాట. అది లోకరీతి. అయిదు గంటల ప్రయాణం మాత్రం ఆ వరుసలో ఇమడదు. జాము నిండలేదు, పని ముగిసే వేళ దగ్గర పడినది. ఆ వేళ కూలీలను వెదుకుటకు ఎవరూ బయలుదేరరు. మొదటి శ్రోతలు ఇక్కడ తప్పక చెవి నిక్కించి ఉంటారు.

మరొక విశేషం గమనింపదగినది. ఈ తోటకు గృహనిర్వాహకుడు వేరే ఉన్నాడు. సాయంకాలం కూలి పంచేది అతడే. అటువంటి సంసారంలో కూలీలను పిలుచుకొని వచ్చే పనీ అతనిదే కావలసి ఉండగా, యజమానియే అయిదుమార్లు వీధికి పోయినాడు. పాలస్తీనాలో ద్రాక్షపండ్ల కోత వేసవి చివరన వస్తుంది. పండు ముదిరిన తరువాత ఆగదు గనుక ఆతురత సహజమే. డెల్టా రైతుకు ఈ ఆతురత చెప్పనక్కరలేదు. కార్తీక మార్గశిరాలలో కోసిన పనలు చేనిమీద ఉండగా బంగాళాఖాతంలో వాయుగుండమన్న వార్త వస్తే, ఎంతటి మోతుబరి అయినా సాయంకాలం నాలుగు గంటలకు సైతం కూలీల కోసం పేటకు పరుగెత్తుతాడు. పన కుప్ప కెక్కేదాకా అతనికి నిద్ర లేదు. ఇట్టి కారణమే తోట యజమానికీ ఉన్నదేమో కథ చెప్పదు. అయితే కోతకాలంలో సైతం కొందరిని సాయంకాలం దాకా ఎవరూ పిలువలేదన్న సంగతి మాత్రం చెబుతున్నది.

కూడలిలో నిలుచుట

ఆ కొందరు ఎవరు? ఈ ప్రశ్నకు సమాధానం విజయవాడ కూడళ్లలో దొరుకుతుంది. చెన్నై నుంచి కలకత్తా పోయే రహదారి, హైదరాబాదు మీదుగా మచిలీపట్నం చేరే రహదారి బెంజ్ సర్కిల్ వద్ద కలుస్తవి. పైవంతెనల మీద వాహనాలు ఆగకుండా పోతూ ఉంటవి. ఇటువంటి కూడళ్ల సమీపాన ప్రతి ఉదయం మరొక సంత జరుగుతుంది. అందులో అమ్మకానికి వచ్చేది ఒక దినపు కాయకష్టం. జనం దానిని అడ్డా అంటారు. తాపీ చేతబట్టినవాడు, పార గమేళా తెచ్చుకొన్నవాడు, సున్నపు కుంచె పట్టినవాడు, అన్నం క్యారేజి చంకన పెట్టుకొన్న ఆడమనిషి ఒకచోట చేరుతారు. మేస్త్రి బండి ఆగీ ఆగకముందే పదిమంది చుట్టుముడతారు. అతని చూపు ముందు భుజాల మీద పడుతుంది, తరువాత చేతుల మీద. నలుగురు కావాలంటే దృఢంగా ఉన్న నలుగురే పోతారు. ఎండ ఎక్కిన తరువాత మిగిలేవారు వయస్సు మళ్లినవారు, జ్వరపడి లేచినవారు, ఎవరికీ పరిచయం లేని కొత్తవారు. వారూ తెల్లవారక ముందు వచ్చినవారే. రవాణా ఖర్చు పెట్టుకొన్నవారే. ఇంటికి పోతే పొయ్యి ఎట్లా వెలుగుతుందో తెలియక ఇంకొక బండి వస్తుందేమోనని నిలిచి ఉంటారు.

సువార్తలో ఈ చోటికి గ్రీకు పేరు అగోర. తెలుగు అనువాదం సంతవీధి అన్నది. అది అడ్డాకు ఎంత దగ్గరగా ఉన్నదో చెప్పనక్కరలేదు. 'ఊరక నిలిచిన' అని మనం చదివే మాటకు మూలం 'ఆర్గోస్'. పని అని అర్థమిచ్చే శబ్దానికి ముందు లేమిని తెలిపే అకారం చేరగా ఏర్పడిన పదం అది. అంటే పని లేనివాడని మొదటి అర్థం. సోమరి అన్నది తరువాత వచ్చినది. తెలుగులో 'ఊరక' అన్న మాటకూ ఈ రెండు అర్థాలూ పట్టుట వింత. పని లేక నిలిచినవానిని పనికి రానివాడుగా చూచుట లోకానికి అలవాటు. యజమాని ప్రశ్నలో ఆ అలవాటు కొంత ధ్వనిస్తున్నది. కూలివాని జవాబు దానిని సరిదిద్దుతున్నది. మేము పని మానలేదు, పని మమ్ము చేరలేదు అని దాని భావం. యజమాని మారు ప్రశ్న వేయలేదు. ఆ జవాబు నిజమని ఒప్పుకొని పనికి పంపినాడు. కథలో అతని ఔదార్యం దేనారంతో మొదలు కాలేదు. ఆ మాటను నమ్ముటతో మొదలైనది.

దేనారం కథ

ఇక ఆ దేనారం. అది నాలుగు గ్రాములకు కొంచెం తక్కువ తూగే రోమను వెండినాణెం. ఏసు కాలంలో రోమను చక్రవర్తి తిబెరియస్, క్రీ.శ. 14 నుంచి 37 వరకు ఏలినాడు. అతని ముఖముద్ర గల దేనారాలు తెలుగుదేశానికి అపరిచితాలు కావు. నల్లగొండ ప్రాంతంలోని అక్కెనపల్లిలో దొరికిన నిక్షేపంలో ఆగస్టస్, తిబెరియస్‌ల వెండి దేనారాలు 1500కు పైగా ఉన్నవి. కృష్ణ సాగరాన్ని కలిసే తీరాన ఘంటసాల, మచిలీపట్నం ప్రాంతపు రేవులను ఆనాటి పాశ్చాత్య భూగోళవేత్తలు ఎరుగుదురు. ఇక్ష్వాకుల నాటి నాగార్జునకొండ శాసనం ఒకటి మహాచైత్యంలో స్తంభం నిలుపుటకు 170 దీనారి మాషకాలు దానమిచ్చినట్లు తెలుపుతున్నది. శ్రీనాథుడు స్నానమాడిన దీనారటంకాలలోని దీనారమూ ఈ లాటిను శబ్దానికి వంశజమే. కవిసార్వభౌముని తలమీద రాలిన మాట, సంతవీధి కూలివాని అరచేతిలో పడిన మాట ఒక్కటే కావడం చిత్రం.

కూలివానికి ఆ నాణెం ఒకనాటి సంసారం. అంతకు మించి మిగలదు, అది లేకపోతే మరునాటికి గడవదు. కనుకనే యూదుల ధర్మశాస్త్రం కూలి విషయంలో మిక్కిలి కఠినంగా శాసించినది. బీదవాని కూలి సూర్యుడు అస్తమించకముందు ఇవ్వాలని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం చెబుతుంది. తెల్లవారేదాకా దగ్గర ఉంచుకొనరాదని లేవీయకాండం 19వ అధ్యాయం చెబుతుంది. ఆ రెండవ అధ్యాయమే చేలలో రాలిన కంకులను, తోటలో రాలిన ద్రాక్షపండ్లను బీదలకు విడువమన్నది. డెల్టాలో కోత అయిన చేలలో కూలీల పిల్లలు పరిగె ఏరుకొనుట చూచినవారికి ఆ విధి వేరే వివరించనక్కరలేదు. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వమని మహమ్మదు ప్రవక్త బోధించినట్లు ఇస్లాము సంప్రదాయం కూడ చెబుతున్నది.

ఈ కట్టుబాట్లు తెలిసిన తరువాత లెక్క మారుతుంది. గంట పనికి దేనారంలో పన్నెండవ వంతు ఇచ్చి పంపినా శాస్త్రం తప్పదు. కాని ఆ పన్నెండవ వంతుతో పిల్లల కడుపు నిండదు. యజమాని పనిని కొలవడం మాని ఆకలిని కొలిచినాడు.

పెద్దల వివాదం

పని దొరకని దినానికి బాధ్యు లెవరన్న ప్రశ్న పాలస్తీనాకే పరిమితం కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం మూడవ అధికరణంలో ఈ వివాదం యథాతథంగా ఉన్నది. పనికి సిద్ధమై వచ్చినవాని చేత యజమాని పని చేయించకపోతే, ఆ పని జరిగినట్లే భావించాలని పూర్వాచార్యుల మతం. కౌటిల్యుడు దానిని ఖండించినాడు. చేసిన పనికే వేతనం గాని చేయనిదానికి లేదన్నాడు. రాజ్యం నడిపేవానికి ఆ మాట అవసరమే. అయితే ఆ ఆచార్యులు కూడ కూడలిలో నిలిచినవానిని చూచినవారే అయి ఉండాలి.

యెరూషలేములో ఈ సమస్య ఒకసారి రాజు దాకా వెళ్లినది. క్రీ.శ. 60 తరువాత దేవాలయ నిర్మాణం ముగిసినప్పుడు 18,000కు పైగా పనివారు నిరుద్యోగులైనారని చరిత్రకారుడు జొసీఫస్ వ్రాసినాడు. ఒక్క గంట పనిచేసినవానికి కూడ వెంటనే కూలి ముట్టేదని అతడే చెప్పినాడు. వారికి పని కల్పించవలెనని ప్రజలు రెండవ అగ్రిప్పను వేడుకోగా, నగరవీధులకు తెల్లరాళ్లు పరిపించుటకు అతడు అనుమతించినాడు. ఉపమానంలోని మాటకు చరిత్రలో ఇంతకంటె సమీప సాక్ష్యం ఉండదు.

యెరూషలేము తాల్ముదులో ఇటువంటిదే మరొక కథ కలదు. ఇరవై ఎనిమిదేళ్లకే మరణించిన ఒక పండితుని స్మరిస్తూ చెప్పినది అది. ఒక రాజు కూలీలను పెట్టుకొన్నాడు. వారిలో నేర్పరి అయిన ఒకనిని రెండు గంటల తరువాత తనవెంట షికారుకు తీసుకొనిపోయినాడు. సాయంకాలం అతనికీ పూర్తి కూలి ఇచ్చినాడు. తక్కినవారు ఆక్షేపించగా, మీరు దినమంతా చేసినది ఇతడు రెండు గంటలలో చేసినాడన్నాడు. రెండు కథలకూ ఎముకలు ఒక్కటే, ప్రాణం వేరు. తాల్ముదు కూలివాడు నేర్పుతో సంపాదించుకొన్నాడు. సువార్త కూలివానికి చూపుకొనుటకు ఏ నేర్పూ లేదు. తనను ఎవరూ పిలువలేదన్న సత్యం తప్ప.

ఓర్వలేని కన్ను

అయితే మొదట వచ్చినవారి ఆక్షేపణను తేలికగా తీసివేయరాదు. పన్నెండు గంటలు ఎండలో వంగి పనిచేసినవాని నడుము నొప్పి అబద్ధం కాదు. పనికి తగిన కూలి అన్న సూత్రం శ్రామికులు పోరాడి సాధించుకొన్నది. యజమాని పద్ధతి రోజూ సాగితే మరునాడు తెల్లవారుజామున ఎవరు వస్తారని అడిగేవానికి కథలో జవాబు లేదు. అది కూలిరేట్ల చట్టం కాదు గనుక ఉండవలసిన పనీ లేదు. కాని అది వారి బాధలోని ఒక పొరను విప్పి చూపుతున్నది. తమకు తక్కువైనదని వారు అనలేదు. వీరిని మాతో సమానం చేసితివే అన్నారు.

అందుకు యజమాని చెప్పిన మాట గ్రీకులో, నేను మంచివాడనైనందుకు నీ కన్ను చెడ్డదైనదా అన్న అర్థమిస్తుంది. చెడ్డ కన్ను ఆ దేశపు నుడికారం. లోభానికీ అసూయకూ గుర్తు. అప్పులు మాఫీ అయ్యే సంవత్సరం దగ్గర పడినదని బీద సహోదరుని మీద చెడ్డ కన్ను వేయవద్దని ద్వితీయోపదేశకాండం ముందే హెచ్చరించినది. తెలుగు అనువాదం ఇక్కడ కన్నును విడిచి 'కడుపుమంట' అన్నది. మనకు కన్నుకుట్టుట అన్న పలుకుబడి ఉండగా కడుపు నెందుకు ఎన్నుకొన్నారో గాని, ఈ కథకు ఆ మాటే తగినది. ఒకని కడుపు నిండితే మరొకని కడుపు మండిన కథ గదా ఇది.

విన్నవారు, నడిచినవారు

1812లో మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగున అచ్చుపడినవి. విశాఖపట్నంలో మిషనరీ డెగ్రాంజ్, ఆనందరాయరు చేసిన అనువాదం అది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తి అయి డెల్టాలో వరి విస్తరించినది. నాట్లకూ కోతలకూ కూలీల అవసరం హెచ్చినది. 19వ శతాబ్దపు ఉత్తరార్ధంలో కృష్ణామండల గ్రామాలలో ఈ కథ విన్న క్రైస్తవులలో అత్యధికులు మాలమాదిగ పల్లెలలోని వ్యవసాయ కూలీలు, పాలేర్లు. కుంచాలతో కొలిచిన గింజలే వారి కూలి. యూరపులో పండితులు ఉపమానార్థం వెదకిన కథలో వారికి తమ దినచర్యయే కనబడి ఉంటుంది.

ఇదే కథ మరొక దారిన కూడ తెలుగుదేశం చేరినది. ఇందులోని 14వ వచనం నుంచి ఒక పలుకును తీసుకొని ఆంగ్ల రచయిత జాన్ రస్కిన్ 1860లో 'అన్‌టు దిస్ లాస్ట్' అన్న వ్యాసాలు వ్రాసినాడు. కడపటివానికీ అంతే అని దాని భావం. 1904లో జొహానెస్‌బర్గు నుంచి డర్బను పోయే రైలులో, మిత్రుడు పోలాక్ ఇచ్చిన ఆ పుస్తకాన్ని గాంధీజీ ఆ రాత్రి నిద్ర లేక చదివినాడు, జీవితం మార్చుకొన్నాడు. ఫీనిక్స్ ఆశ్రమం ఆ సంకల్పఫలమే. 1908లో దానిని గుజరాతీలో సంగ్రహించి 'సర్వోదయ' మని పేరు పెట్టినాడు. 1951 ఏప్రిల్‌లో హైదరాబాదు సమీపాన శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరిగినది. దానికి కాలినడకన వచ్చిన వినోబా భావే అక్కడి నుంచి నల్లగొండ జిల్లాలోకి నడిచినాడు. ఏప్రిల్ 18న పోచంపల్లి హరిజనులు తమకు 80 ఎకరాలు కావాలన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానం అట్లా మొదలైనది. ఆ ఉద్యమం తలపెట్టినదంతా నెరవేరలేదు. అయినా అడిగినదానికంటె ఎక్కువ ఇచ్చిన ఆ క్షణంలో తోట యజమాని పోలిక ఉన్నదనుట అతిశయోక్తి కాదు. తిబెరియస్ దేనారాలు భూమిలో దాగి ఉన్నదీ ఆ నల్లగొండ సీమలోనే.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లెలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం ప్రారంభమైనది. పని కోరినవానికి 15 దినాలలో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని 2005 నాటి ఆ చట్టం శాసించినది. కౌటిల్యుడు త్రోసిపుచ్చిన పూర్వాచార్యుల మతం ఇరవై మూడు శతాబ్దుల చర్చ తరువాత శాసనమైనదని చెప్పవచ్చును. కాని అది పల్లెలకే వర్తించినది. కోతయంత్రాలు వచ్చిన తరువాత చేలను విడిచి పట్టణపు కూడలికి చేరినవాడు దాని వెలుపల ఉండిపోయినాడు.

సువార్తల మీద విశ్వాసం ఉన్నవారు ఈ కథలో దైవకృపను దర్శిస్తారు. ఆ విశ్వాసం లేనివారికీ 7వ వచనం ఒక విజ్ఞప్తి చేస్తున్నది. పొద్దెక్కిన తరువాత కూడలిలో నిలిచినవానిని చూచి సోమరి అని తీర్పు చెప్పకముందు, అతనిని ఒక మాట అడుగవలె. అతడు చెప్పిన జవాబును నమ్మవలె. ఆ యజమాని చేసిన పనులలో దేనారం ఇచ్చుట ధనవంతునికే సాధ్యం. ఈ మొదటిది అందరికీ సాధ్యం.